పారబోయని నీళ్ళు

పదకొండో వారం

పోయిన వారం బరంపురం డయాలసిస్ సెంటర్ వరండాలో, పదిమంది చూస్తుండగా తల వంచుకుని నిలబడ్డ కన్నమ్మను అక్కడే వదిలేసి వచ్చాం. వారం నుంచి ఆ తల ఎత్తలేదు ఆ మనిషి. ఎత్తనిచ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఆమె మొగుడు కాసులుకు రెండు కిడ్నీలూ పోయి ఏడాదిన్నర అయింది. ఒకప్పుడు పడవ నడిపినవాడు, ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు మిషను మీద రక్తం కడిగించుకుంటేనే బతుకు. తన కిడ్నీ ఒకటి ఇస్తానని కన్నమ్మ నోరారా చెప్పింది. పరీక్షలన్నీ సరిపడ్డాయి. అయినా డాక్టరు ఆపరేషనుకు ఉత్తరం రాయడం లేదు. మూడు నెలలుగా కాసులు రక్తంలో పొటాషియం ఆరున్నర కంటే కిందికి దిగడం లేదు. అయిదున్నర దాటితేనే గుండెకు గండం. "ఇంట్లో పథ్యం నడపలేనివాళ్ళు రేపు కొత్త కిడ్నీని ఏం నిలబెడతారు?" అని ఆయన ఒరియాలో కసురుకున్నాడు. ఆ కసురు మొత్తం వంట చేసే కన్నమ్మకే తగిలింది.

అత్త జగ్గమ్మ ఆ కసురుకు తన అర్థం తాను చెప్పింది. "కిడ్నీ ఇయ్యడానికి మనసొప్పక, మొగుడి కూట్లో ఏటో కలిపి పెడతన్నాది ముండ" అని వరండాలో అరిచింది. మరిది మసేను గడువు పెట్టాడు. మంగళవారం అంకె తగ్గకపోతే కులపెద్దలను పిలవడం, ఆ వెంటనే కన్నమ్మను సోంపేట దగ్గర పుట్టింటికి తోలెయ్యడం. పదిహేడేళ్ళ కాపురానికి అంకె ఒకటి అడ్డం పడింది.

ఇక ఆదివారం సంగతి.

పొద్దున్నే కన్నమ్మ గంప పట్టుకుని చేపల కోసం ఒడ్డుకు వెళ్ళింది. మామూలుగా మధ్యాహ్నం దాకా ఇంటి ముఖం చూడదు. ఆ రోజు వలల్లో చెప్పుకోదగ్గది ఏమీ పడలేదు. పడ్డ కాస్తా పెద్ద వర్తకులు ఎత్తుకుపోయారు. ఖాళీ గంపతో పెరటి దారిన తిరిగి వచ్చింది. దడి దగ్గరకు వచ్చేసరికి పొగ వాసన, దాని వెనకే చింతపండు పులుపు, మిరియాల ఘాటు. తను వంట చేసే పొయ్యి ఇంట్లో ఉంది. మరి పెరట్లో పొయ్యి ఎవరు రాజేశారు?

కొబ్బరాకుల దడి సందులోంచి చూసింది. మూడు రాళ్ళ పొయ్యి మీద మసిపట్టిన తపేలా ఉంది. అత్త గొంతుక్కూర్చుని గరిటెతో కలుపుతోంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాసులు. పొయ్యి పక్కనే, తను రోజూ కూరలు వంచే సత్తు బేసిను బోర్లించి ఉంది.

ఆ బేసిను గురించి ఒక మాట చెప్పాలి. డయాలసిస్ సెంటర్లో భారతీదేవి అని ఒక నర్సు ఉంది. గోసాని నువాగాంలో ఉంటుంది, మన తెలుగు మనిషే. ఆవిడ కన్నమ్మను కూర్చోబెట్టి నేర్పింది: కూరముక్కలు చిన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళన్నీ పారబొయ్యాలి. పొటాషియం నీళ్ళలోకి దిగిపోతుంది, మిగిలిన ముక్కలే మొగుడికి పెట్టాలి. కన్నమ్మ ఒక్కపూట తప్పకుండా అలాగే చేసింది. మూడు నెలల కిందట అత్త తనంతట తానే వచ్చి, "వేడి బేసిను మోసి సేతులు కాల్చుకోకే. నానట్టుకెళ్ళి ఎదురింటి గేదె కుడితిలో పోస్తాన్లే" అంది. అత్త మనసు ఇన్నాళ్ళకు మెత్తబడిందని ఆ పిచ్చిది ఆ రోజు కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది.

"ఇంకా నీల్లగున్నాదమ్మా, మరగనీ," అంటున్నాడు కాసులు.

"మరుగుతన్నాది బాబూ. నీల్లు తక్కువ తాగాలన్నాడు గదా డాక్టరు, అందుకే సిక్కగా దించుతన్నాను. బేసినుడు నీల్లు ఒక్క గిన్నెడవ్వాల. ముక్కల్లో బలమంతా ఇందులోకే దిగినాది. సారం గేదెకి పొయ్యమని, పిప్పి నీకెడతన్నాదది. ఏ తల్లి కన్నాదో గానీ!"

జగ్గమ్మ చారు గిన్నెలోకి వంచి, కొంగుతో పట్టుకుని కొడుక్కి ఇచ్చింది. కాసులు మొదటి గుక్కకే కళ్ళు మూసుకున్నాడు. చప్పిడి మెతుకులు తిని తిని మొద్దుబారిన నాలుకకు అది అమృతమే అయ్యుండాలి.

"దీని ముందర దాని సేతి కూడు పీనుగు కూడేనమ్మా," అన్నాడు.

తల్లీ కొడుకులు ఇద్దరూ నవ్వుకున్నారు.

దడి ఇవతల కన్నమ్మ నోరు తెరిచింది. "తాగొద్దు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట బయటికి వచ్చి ఉంటే ఈ వారం నేను మీకు ఇంకేదో చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ నవ్వు ఆమె చెవిన పడింది. పీనుగు కూడు. తెల్లారకుండా లేచి, నానబెట్టి, ఉడికించి, వంచి, చేతులు బొబ్బలెక్కి చేసిన కూడు. కడుపు కోయించుకుని ఒక అవయవం తీసి ఇస్తానన్న మనిషి చేతి కూడు. తెరిచిన నోరు మూసుకుంది.

అప్పుడామె బుర్ర చకచకా పనిచేసింది. ఇప్పుడు అరిస్తే ఏమవుతుంది? అత్త తపేలా ఎత్తి పారబోస్తుంది. "ఓలమ్మో, సూడండర్రా, నా మీదికి తోస్తన్నాది" అని వీధిన పడుతుంది. మొగుడు తల్లి పక్షమే మాట్లాడతాడు. మసేను నమ్మడు. అదే మంగళవారం అయితే, అంకె డాక్టరు చేతిలో ఉంటుంది, మసేను ఎదురుగా ఉంటాడు, అత్త నోరు మూయించడానికి సాక్ష్యం తన చేతిలో ఉంటుంది. అదే వరండాలో, అదే పదిమంది ముందు. రెండు రోజులు ఓపిక పడితే చాలు. "మూడు నెల్లు తాగి బతికినోడు రెండ్రోజులకి సస్తాడా ఏటి?" అని తనకు తానే చెప్పుకుంది. అలా అనుకోవడానికి ఆమెకు పెద్దగా కష్టం కలగలేదని కూడా చెప్పాలి, అబద్ధం ఎందుకు?

వాళ్ళు లోపలికి వెళ్ళాక పిల్లిలా పెరట్లోకి వచ్చింది. తపేలా అడుగున మిగిలిన చారును ఖాళీ టానిక్ సీసాలోకి వంచి మూత బిగించింది. గంప అడుగున గోనెపట్టా కింద దాచింది.

సోమవారం పొద్దున సంచిలో బీరకాయలు ఉన్నాయి, అరటికాయలూ ఉన్నాయి. అరటికాయలో పొటాషియం మెండు, జాగ్రత్తమ్మా అని భారతీదేవి వేళ్ళు లెక్కపెట్టి మరీ చెప్పింది. అయినా ఆ పొద్దున కన్నమ్మ చెయ్యి అరటికాయల మీదికే పోయింది. ఎందుకు పోయిందో నన్ను అడక్కండి. తరిగింది, నానబెట్టింది, ఉడికించింది, బేసినులోకి వంచింది. పొగలు కక్కుతున్న ఆ నీళ్ళను తన చేతులతో ఎత్తి అత్తకు అందించింది.

"ఇదిగో అత్తా, నీల్లు. గేదెకి పొయ్యి."

"పోస్తానే," అంది జగ్గమ్మ నవ్వుతూ. ఆ నవ్వుకు కోడలు కూడా నవ్వింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసి నవ్వుకోవడం చాలా కాలానికి అదే మొదలు.

కన్నమ్మ ఒడ్డుకు వెళ్ళి వచ్చింది, మధ్యాహ్నం భోజనాలు అయ్యాయి. ఎండ ఇంకా దిగలేదు. మంచం మీంచి లేవబోయిన కాసులు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"కాల్లు నావి కావే, కన్నమ్మా," అన్నాడు. "ఎత్తనేకపోతన్నాను."

చేతులు పట్టి లేపితే చేతుల్లోనూ పట్టు లేదు. ఊపిరి లోతుగా, గబగబా తీస్తున్నాడు, సముద్రంలో వల లాగి వచ్చినవాడిలాగ. కూర్చున్నవాడికి అంత ఆయాసం ఎందుకు? కన్నమ్మకు ఒక మాట గుర్తొచ్చింది. ఒంట్లో పుల్లటి విషం పేరుకుంటే దాన్ని బయటికి తోయడానికి ఊపిరి అలా పరిగెడుతుందని భారతీదేవి ఎప్పుడో చెప్పింది. రేపటి దాకా ఆగుతుందనుకున్నది ఇవాళే వచ్చి గుమ్మంలో నిలబడింది. "మసేనూ! బేగి ఆటో తే!" అని అరిచింది. ఆ అరుపులో నటన ఏమీ లేదు. వెళ్తూ వెళ్తూ గంప అడుగు నుంచి సీసా తీసి కొంగులో మూటగట్టుకోవడం మాత్రం మరిచిపోలేదు.

బరంపురం పొలిమేరలో హల్దియాపదర్ దాటేదాకా ఆటో బాగానే నడిచింది. గేట్ బజార్ దగ్గర సరుకుల బళ్ళ మధ్య ఇరుక్కుంది. హారను మోగుతూనే ఉంది. జగ్గమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఒదిగి కూర్చున్న కోడలిని తిడుతూనే ఉంది. "ఏటి పెట్టినావే? సెప్పే! పొద్దున్న ఏటి పెట్టినావు?"  కన్నమ్మ కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని మొగుడి ఎగిరిపడే ఛాతీ వంక చూస్తూ కూర్చుంది. దేవుళ్ళందరికీ మొక్కుకుంది. బతకాలి అనుకుంది. బతికితేనే గదా వినడానికి ఉంటాడు.

సెంటర్లో మంచం మీద పడుకోబెట్టగానే భారతీదేవి ఛాతీకి తీగలు అంటించింది. యంత్రంలోంచి వచ్చిన కాగితం డాక్టరు లాక్కుని చూశాడు. గుండె గీతలు కత్తి మొనల్లా పైకి లేచి ఉన్నాయి. గబగబా ఒక సూది, దాని వెనకే ఇంకొకటి, సెలైనులో మందు. కాసేపటికి రక్తం ఫలితం వచ్చింది. పొటాషియం ఏడు పాయింట్ తొమ్మిది. ఒంట్లో ఆమ్లం కూడా కట్టలు తెంచుకుంది.

"ఇంకో గంట ఆలస్యమైతే గుండె ఆగిపోయేది," అంది భారతీదేవి తెలుగులో, అందరికీ వినపడేలా. "మిషను సిద్ధం చేస్తున్నాం. సూదులు గుండెని కాసేపు కాస్తాయి, అంతే."

డాక్టరు తిరిగి చూశాడు. ఆయనకు తెలుగు రాదు, వీళ్ళందరికీ ఒరియా వచ్చు; వీళ్ళు తెలుగులో అన్నది భారతీదేవి ఆయనకు చెబుతుంది. "కణ ఖాయిలే?" అన్నాడు. ఏం తిన్నాడని.

జగ్గమ్మ చెయ్యి చాచి కోడలి ముఖం మీదికి చూపించింది. "దీన్నడగండి బాబూ! వండేది ఇదే. ఒండి ఒండి నా కొడుకుని సంపతన్నాది. ఒరే మసేనూ, రేపటిదాకా ఎందుకురా, ఇప్పుడే దీన్ని బస్సెక్కించీ!"

మసేను ఒక అడుగు ముందుకు వేశాడు. కన్నమ్మ కదల్లేదు. కొంగు ముడి విప్పి సీసా తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది.

"నా కూడు కాదు బాబూ. మా అత్త పోసే సారు ఇది. నాను ఉడకేసి వంచిన నీల్లు పారబొయ్యకుండా దాసి, మరిగించి, రోజూ మా ఆయన సేత తాగిస్తన్నాది. కాదంతాదేమో అడగండి."

జగ్గమ్మ కాదంటుందనే కన్నమ్మ అనుకుంది. బుకాయిస్తుంది, ఏడుస్తుంది, ఒట్లు వేస్తుంది. వాటికన్నిటికీ జవాబులు రాత్రంతా కూర్చుకుంది. కానీ జగ్గమ్మ నిటారుగా నిలబడి, రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.

"ఔను, నానే ఇచ్చినాను! తల్లిని గనక ఇచ్చినాను. ఈడికి నాలుగేల్లప్పుడు గాలివాన వచ్చినాది బాబూ. ఇల్లు నేదు, పడవ నేదు, మొగుడు సముద్రంలోంచి రానేదు. గింజ దొరకనేదు. ఇల్లిల్లూ తిరిగి, గంజి నీల్లు, కూరొంచిన నీల్లు అడుక్కొచ్చి ఈడి నోట్లో పోసినాను. ఆ నీల్లతోనే బతికినాడు నా కొడుకు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒండిన నీల్లు ఒక్క సుక్క పారబొయ్యనేదు. ఇదొచ్చి బేసిన్లు బేసిన్లు పారబొయ్యమంతే నా సేతులొస్తాయా? నానెవల్నని? కన్నతల్లిని!"

 భారతీదేవి దగ్గరికి వచ్చి ఆ ముసలామె భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, మంచి కిడ్నీలు ఉన్నవాడికి ఆ నీళ్ళు బలమే. నీ కొడుకు కిడ్నీలు పోయాయి. లోపలికి వెళ్ళిన పొటాషియం బయటికి పోయే దారి లేదు. అది గుండెను పట్టుకుంటుంది. కన్నమ్మ ఆ విషాన్ని ముక్కల్లోంచి తీసి బయట పెట్టింది. నువ్వు దాన్ని పోగు చేసి, చిక్కగా మరిగించి పోశావు."

 జగ్గమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. గరిటె పట్టిన చెయ్యి. ఆ చేతిని కొంగులో చుట్టేసుకుని, గోడకు ఆనుకుని, జారి నేల మీద కూలబడింది.

ఆ దృశ్యం చాలదా ఎవరికైనా? కన్నమ్మకు చాల్లేదు. మూడు నెలల నుంచి మింగినదంతా ఒక్కసారి పైకి వచ్చింది. అత్త ముందు వంగి, ముఖంలో ముఖం పెట్టి, నెమ్మదిగా అంది.

"ఏడ్సు అత్తా. బాగా ఏడ్సు. ఊరంతా నన్ను మొగుణ్ణి సంపేదన్నావు గదా. కన్నకొడుక్కి ముద్దుముద్దుగా ఇసం పోసింది ఎవలు? రోజూ పొయ్యి ముందు కూకుని, ఊదుకుని ఊదుకుని పోసినావు. గాలివానకి బతికినోడు నీ సేతికి సస్తన్నాడు."

"వదినా, ఊరుకో," అన్నాడు మసేను.  "తప్పయిపోనాది వదినా. నాను నిన్ను..." వంగి ఆమె కాళ్ళు ముట్టబోయాడు.

డాక్టరు కూడా మొదటిసారి కన్నమ్మను సూటిగా చూశాడు. కారణం దొరికింది గనక ఇక అంకె దిగుతుందని, దిగి నిలబడితే ఉత్తరం తానే రాస్తానని చెప్పాడు. వారం తర్వాత కన్నమ్మ తల పైకి లేచింది. ఇన్నాళ్ళూ ఏది కోరుకుందో అదంతా ఆ గదిలో, ఆమె కళ్ళ ముందు జరిగింది.

భారతీదేవి బల్ల మీది సీసా తీసుకుంది. లోపల ఏముందో చూద్దామని మూత తిప్పింది. బుస్సుమని గాలి తన్నింది. పులిసిన కంపు గది అంతా నిండింది. చారు పైన తెల్లటి నురగ కట్టి ఉంది.

"ఇది ఇవాళ్టిది కాదే," అంది భారతీదేవి. "కన్నమ్మా, ఇది ఎప్పుడు పట్టావు?"

"ఈ పొద్దున్నే సిస్టరమ్మా," అంది కన్నమ్మ, క్షణం ఆలస్యం లేకుండా. "ఎండ గదా. బేగి పులిసిపోనాది."

మంచం మీద కదలిక వినిపించింది. సూదుల బలమో ఏమో, కాసులు కళ్ళు తెరిచాడు. ముఖానికి పెట్టిన ఆక్సిజన్ తొడుగును పక్కకు లాగాడు. ఒక్కో మాటకూ ఊపిరి పోగు చేసుకుంటున్నాడు.

"ఆదివారం," అన్నాడు.

అందరూ అటు తిరిగారు.

"ఆదివారం పొద్దున్న... దడి ఎనకాల... నీ ఎర్రకోక కనపడినాది, కన్నమ్మా. నాను తాగుతంతే సూస్తన్నావు." ఆగాడు. మళ్ళీ ఊపిరి అందుకున్నాడు. ఆ కళ్ళల్లో కోపం లేదు. ఉన్నది నమ్మకమే, అది ఇంకా పూర్తిగా చావలేదు. "నీకన్నీ తెలుసు గదా. సిస్టరమ్మ అన్నీ నీకే గదా సెప్పినాది. నువ్వు సూసి ఊరుకున్నావు... అయితే పరవానేదనుకున్నాను. అందుకే ఇయ్యాల... ఇంకో గిన్నె పొయ్యమ్మా అని... నానే అడిగి తాగినాను."

భారతీదేవి చేతిలో సీసా అలాగే ఉంది. మసేను కన్నమ్మ కాళ్ళ దగ్గర వంచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

కన్నమ్మ మొగుడి వంక చూడలేకపోయింది. డాక్టరు వంకా చూడలేకపోయింది. ఎటు చూడాలో తెలియక కిందికి చూసింది. అక్కడ, గోడవార నేల మీద, జగ్గమ్మ కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి, నెమ్మదిగా తల ఎత్తుతోంది.